కడుపులోది, వంటింట్లోది

“రెండు గాజుముక్కల కోసం ఇంత పెట్టె ఎందుకమ్మమ్మా? పారేద్దాం.”

“ముందు దాని మీంచి చెయ్యి తియ్యి.”

“చెద పట్టేసింది చూడు. నీ దగ్గర పారేసిన వస్తువంటూ ఒక్కటైనా ఉందా? చిరిగిన గోనెసంచి కూడా మడిచి అటక మీద పెడతావు.”

“గోనెసంచి వానాకాలం గుమ్మంలోకి పనికొస్తుందే. నువ్వెందుకు పనికొస్తావో ఇంకా తేలలేదు.”

“తిట్టు, తిట్టు. అటక దులపమన్నదీ నువ్వే, దులిపితే తిట్టేదీ నువ్వే. అసలు ఏమిటివి?”

“చెప్పను. మూత వెయ్యి.”

మా అమ్మాయి కూతురు మూత వెయ్యలేదు సరికదా, ఇంకా బార్లా తెరిచింది. అప్పుడొచ్చింది వాసన. లవంగనూనె వాసన. పంటినొప్పికి దూది ముంచి పెట్టుకునే నూనే కనుక అందరూ ఎరిగిన వాసనే. నాకు మాత్రం ఆ వాసన తగిలితే పన్ను గుర్తుకు రాదు. అమలాపురంలో మా మేడమీద వాటాలో ఏడేళ్ళు అద్దెకున్న కామేశ్వరిగారు గుర్తుకొస్తారు. ఆవిడ గాజుపలకలు తుడుచుకునే నూనె అది. పిల్ల చేతిలోంచి పెట్టె లాక్కుని, పెరటి అరుగు మీద కూర్చుని, చాలాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆవిడెవరో మీకు తెలియదు. నాకూ మొదట్లో తెలియలేదు. తెలియకపోగా, ఆవిడ మా కొంప ముంచడానికే వచ్చిందని గట్టిగా అనుకున్నాను.

నేను ఎవర్నీ తొందరగా నమ్మే మనిషిని కాను. పాలు పోసే వాడు ఎదురుగా ఉండగానే ఓ చుక్క గోటి మీద వేసి జారుతుందో నిలుస్తుందో చూస్తాను. కొబ్బరి దింపు తీయించిన రోజున కాయలు రాశి పోశాక ఒకసారి, మనుషులు వెళ్ళాక మరొకసారి లెక్కపెడతాను. ఐదో తరగతి మధ్యలో బడి మానేసి, ఇరవయ్యారేళ్ళకే భర్తను పోగొట్టుకుని, ఇద్దరు పిల్లలను పెంచుకొచ్చిన దాన్ని. నమ్మి బాగుపడ్డ సందర్భాలు నాకు ఎక్కువ గుర్తులేవు. పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన రెండో ఏడు కామేశ్వరిగారు వాటా చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. సొంతూరు కొత్తపేట అన్నారు. పెళ్ళి చేసుకోలేదన్నారు. అక్కడికే నాకు సగం అనుమానం వచ్చింది.

“ఏం పని చేసేవారండీ?” అన్నాను.

“వైద్య కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యేనండీ. ఎలుకల మెదడు మీద పనిచేసేదాన్ని.”

“ముందే చెబుతున్నాను, ఎలుకలు నా ఇంట్లో అడుగుపెట్టడానికి వీల్లేదండీ.”

“ఒక్క ఎలుక కూడా లేదండీ. వాటి మెదళ్ళు మాత్రమే ఉన్నాయి.”

ఆవిడ నవ్వలేదు. నిజంగానే చెప్పారని సామాను దిగాక తెలిసింది. చెక్కపెట్టెల్లో, దువ్వెన పళ్ళలాంటి అరల్లో, వందల గాజుపలకలు. ఒక్కొక్క పలక మీద ఉల్లిపొర కంటే పల్చటి మరక. ఒక మైక్రోస్కోపు, ఒక టేపురికార్డరు, సంచీ నిండా కేసెట్లు. బియ్యం డబ్బా మాత్రం ఒకటే ఉంది, అదీ చిన్నది. మా వీధిలో ఆవిడకి ‘ఎలుకలావిడ’ అని పేరు పెట్టింది నేనే.

మధ్యాహ్నం పూట భోజనాలయ్యాక వీధి సద్దుమణిగే వేళకి మేడమీంచి చప్పుడు వినిపించేది. టక్... టక్... టక్. గడియారం అనుకుందామంటే గడియారం అంత సమంగా లేదు. ఓ క్షణం ఆగేది, మళ్ళీ అందుకునేది. ఆ చప్పుడు మొదలైన పది నిమిషాలకి మా కోడలు పద్మ చేతిపని వదిలేసి మెట్లెక్కేది. అడిగితే “ఊరికేనండీ అత్తయ్యగారూ” అనేది. ఊరికే మెట్లెక్కే మనిషిని నేనింతవరకూ చూడలేదు. పైగా అప్పటికే మా రాంబాబు ఒళ్ళు చెడుతోంది. నా కొడుకు రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారం చేసేవాడు. తెల్లారగట్ల వెళ్ళి లారీలు ఎత్తించి మధ్యాహ్నానికి వచ్చేవాడు. అలాంటివాడు కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు తినేసరికి “కడుపు నిండిపోయిందమ్మా” అని లేచిపోయేవాడు. రాత్రి తిన్నది మర్నాడు మధ్యాహ్నం వాంతి చేసుకునేవాడు, తిన్నది తిన్నట్టుగా. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులైపోయింది. మందులు వాడితే నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్ళీ మొదటికే వచ్చేది.

ఒకరోజు కామేశ్వరిగారు కూరగాయలకు వెళ్ళారు. వాటా రెండో తాళంచెవి నా దగ్గరే ఉండేది. కుళాయి కారుతోందేమో చూద్దామని నాకు నేనే సాకు చెప్పుకుని పైకెళ్ళాను. బల్ల మీద కాగితాలున్నాయి. ఒక్కొక్క కాగితం మీద నల్లసిరాతో ఒక బొమ్మ. మధ్యలో గుమ్మడిగింజంత ముద్ద, దాని చుట్టూ నలువైపులకీ పాకిన గీతలు, ఆ గీతల్లోంచి మళ్ళీ సన్నటి గీతలు. మూలన ఏవో అంకెలు.  చేతబడి యంత్రాలు వేసి గుమ్మం కింద పాతేవాళ్ళ గురించి విన్నాను గానీ, నా ఇంట్లోనే, నా మేడమీదే వేస్తున్నారని అనుకోలేదు. కాగితం చేతిలో ఉండగానే వెనక చెప్పుల చప్పుడైంది.

“తలకిందులుగా పట్టుకున్నారండీ వరలక్ష్మిగారూ” అన్నారావిడ, సంచీ కింద పెడుతూ.

నేను తగ్గలేదు. “ఎవరి మీద వేసేరండీ ఈ యంత్రం?”

“ఎలుక మీద.” ఈసారి నవ్వారు. “యంత్రం కాదండీ, కణం బొమ్మ. మైక్రోస్కోపులో చూస్తూ గీసినది. మెడ వెనక, జడ మొదలయ్యే చోట చెయ్యి పెట్టుకోండి. ఆ ఎముక లోపల, మెదడు కాస్తా వెన్నులోకి దిగే చోట, ఇలాంటివి గుంపుగా ఉంటాయి. అన్నం తిన్నాక పొట్ట ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఇవే చెబుతాయి.”

“కడుపు సంగతి మెడకెందుకండీ?”

“కాలవలో నీళ్ళ సంగతి లాకు దగ్గరుండే లస్కరు చూసుకోడాండీ? తలుపెత్తమంటే ఎత్తుతాడు, దించమంటే దించుతాడు. చేలో నీళ్ళు నిలిచిపోతే చేను తప్పా, లస్కరు తప్పా, మధ్యలో కబురు అందలేదా అని చూసుకోవాలి కదా.”

నాకు లాకు తెలుసు కనుక ఆ మాట పట్టుబడింది. పట్టుబడింది గానీ నమ్మలేదు. చప్పుడు సంగతేమిటన్నాను. ఆవిడ కేసెట్టు పెట్టారు. గాజుగొట్టాన్ని మంట మీద కాచి లాగుతారట, మొన కంటికి కనపడనంత సన్నంగా. ఆ మొనతో ఒక్క కణాన్ని పొడిస్తే లోపలి కరెంటు పైకి తెలుస్తుందట. కణం కరెంటు వదిలినప్పుడల్లా స్పీకరు పెట్టెలో టక్‌మని వినిపిస్తుంది. ఎవరూ మీట నొక్కకుండానే వాటంతట అవే కొట్టుకుంటూ ఉంటాయట, ఇంచుమించు సెకనుకొకటి. ఒకసారి కొట్టాక కాస్తంత సేపు అలిసి ఊరుకుంటాయి. పొట్టకి కబురంపేవి చిన్నవి, కొమ్మలు తక్కువ, తొందరగా తేరుకుంటాయి. పేగుకి కబురంపేవి పెద్దవి, నిదానంగా తేరుకుంటాయి. పొడిచిన గొట్టంలోంచే రంగు వదిలితే కొమ్మకొమ్మా రంగెక్కుతుంది. అలా రంగెక్కిన వాటినే ఆవిడ ఇరవై ఏళ్ళు కూర్చుని గీశారు.

“ఎలుక తలలో కరెంటుంటే మీటరెక్కడుందండీ?” అన్నాను వెటకారంగా.

“నేనేనండీ ఆ మీటరు. అందుకే ఒక్కోసారి తప్పుగా కూడా తిరిగేను” అని ఆవిడ ఇంకో కేసెట్టు పెట్టారు. దాని నిండా ఝుమ్మని హోరు. “ఇది కణం కాదు, గదిలో ట్యూబులైటు. దాని హోరు కూడా లోపలికి వచ్చేస్తుంది. అందుకని చప్పుడు వినపడగానే ముందు లైటార్పేదాన్ని, ఫ్యానార్పేదాన్ని, అప్పుడు కూడా వినపడితేనే కణమని రాసుకునేదాన్ని. అన్నీ చేసి కూడా ఒకసారి బోల్తాపడ్డాను. నా కణం ఉన్నట్టుండి తొందరపడేది, మళ్ళీ నెమ్మదించేది. నాలుగు నెలలు అదో గొప్ప సంగతనుకుని అందరికీ చెప్పుకున్నాను. ఒకరోజు పక్కగదిలో ఫ్రిజ్ చెడిపోయింది. దాంతోపాటు నా గొప్ప సంగతీ పోయింది.”

“అప్పుడేం చేసేరు?”

“ఎవరెవరికి చెప్పుకున్నానో వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, అది ఫ్రిజ్ అండీ అని చెప్పేను.”

“సిగ్గెయ్యలేదా?”

“ఎందుకెయ్యదండీ! వేసింది. చెప్పేక తగ్గింది.”

దొంగతనంగా గదిలోకి వచ్చినందుకు ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదీ నాకు అనుమానంగానే తోచింది. ఇంతగా తెలిసినావిడ, ఇంత నిదానంగా ఉన్నావిడ, ఏదో దాస్తోందనుకున్నాను. నేనూ ఒకటి దాచిన మనిషినే కదా. రాంబాబుకి పంతొమ్మిదో ఏటే షుగరు వచ్చింది, రోజూ సూది వేసుకుంటాడు. ఆ సంగతి పద్మ వాళ్ళకి చెప్పకుండానే పెళ్ళి చేశాను. కాపురానికి వచ్చిన మూడో రోజున సూది చూసి పద్మ ఏడవలేదు, గొడవ పడలేదు. “ఎప్పట్నించండీ?” అని మాత్రం అడిగింది. ఆ ఊరుకోవడం చూసి, లోపల ఏదో పెట్టుకుందని ఆరోజు నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఆ ఎదురుచూపు ఫలించిందనే అనుకున్నాను. రాంబాబు జబ్బు ముదిరాక పద్మ వాడికి విడిగా వండడం మొదలుపెట్టింది. అన్నం జావలా మెత్తగా చేసి గుడ్డలో వడగట్టేది. కూర పిసికి పీచు తీసేసేది. ఒక్కసారి కడుపునిండా కాకుండా, చిన్న గిన్నెతో రోజుకి ఐదారుసార్లు గదిలోకి తీసుకెళ్ళి తానే తినిపించేది. మా వైపు ఇలాంటివి చూస్తే ఏమనుకుంటారో చెప్పనక్కరలేదు. మొగుడు చెప్పుచేతల్లో ఉండాలని ఆడవాళ్ళు అన్నంలో మందు పెడతారని, అది కడుపులో ఉండలు కట్టి మనిషిని పీల్చేస్తుందని, పసరు పోసి కక్కించేవాళ్ళు ఉంటారని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగిన దాన్ని.

ఒకరోజు ఆ గిన్నె చేత్తో పట్టుకుని నిలదీశాను. “అందరికీ ఒక కుండ, వాడికి ఒక గిన్నె ఏమిటే?”

“మెత్తగా పెట్టమని మేడంగారు చెప్పేరండీ. పొట్టకి వెళ్ళే నరం షుగరు వల్ల దెబ్బతిని ఉండొచ్చన్నారు. కాకినాడ తీసుకెళ్ళి చూపించమన్నారు. మీకు చెబితే...”

“ఆహా! మేడమీద బోధ, కింద వంట! నువ్వూ ఆ ఎలుకలావిడా కలిసి నా కొడుకుని ఏం చేద్దామనుకున్నారే?”

“అత్తయ్యగారూ, మీరు తిని చూడండి. ఇదే గిన్నెలోది.”

“నీ చేతిది నేను తినను.”

ఆ మాట అన్న సాయంత్రమే పద్మని ముమ్మిడివరంలో పుట్టింటికి పంపేశాను. రాంబాబు అడ్డుచెప్పబోయి, ఓపిక లేక మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆ తరవాత పన్నెండు రోజులు వాడికి నేనే వండాను. నా చేతి వంట పడితే నిలబడతాడనుకున్నాను. ఇంకా క్షీణించాడు. పాత మందు లోపల పాతుకుపోయిందని నిర్ణయించుకుని, మురమళ్ళ దాటాక ఒక పల్లెలో కక్కించేవాడున్నాడంటే ఆటో కట్టించుకుని తీసుకెళ్ళాను. ఆయన ఏదో ఆకుపసరు పోశాడు. నా కొడుకు కళ్ళు తేలేశాడు. చివరికి పేగులు బయటికి వస్తాయా అన్నట్టు కక్కితే, అందులో ఉసిరికాయంత నల్లటి ఉండ పడింది, పీచులు పీచులుగా. “ఆడదాని చేతి మందమ్మా. ఇదే” అన్నాడాయన. దాన్ని కడిగి, ఆరబెట్టి, పాత పౌడరు డబ్బాలో వేసి మూత బిగించాను. మర్నాడు పదింటికి రమ్మని పెద్దలకు చెప్పాను. ముమ్మిడివరం వాళ్ళకి కబురంపాను. ఆ డబ్బా నలుగురి ముందూ పెట్టి, పద్మని శాశ్వతంగా వదిలించేసుకోవాలి. అదీ నా ఏర్పాటు.

ఆ సాయంత్రం కామేశ్వరిగారు మెట్లు దిగి వచ్చారు. ఆవిడ పిలవకుండా కిందికి రావడం అదే మొదలు.

“ఆ డబ్బా ఒకసారి చూపిస్తారా అండీ?”

“నా ఇంటి సంగతి మీకెందుకండీ? అద్దెకున్నారు, అద్దెకున్నట్టు ఉండండి.”

“ఆయ్, అలాగే ఉంటాను. కానీ రేపు నలుగురూ చూసేముందు నేను చూస్తే మీకేం నష్టం?”

“మీరు చూస్తే అది మందు కాదంటారు. మీరూ మీరూ ఒకటి కదా.”

“నేనేమీ అననండీ. చూసేది మీరే. డబ్బా మీ చేతిలోనే ఉంచుకోండి, నాకు ఇవ్వకండి.”

ఆ మాటతో పైకెళ్ళాను. డబ్బాని కొంగులో ముడివేసుకుని మరీ వెళ్ళాను. ఆవిడ ఒక గాజుపలక, ఒక సూది నా ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఉండలోంచి నాలుగు పీచులు నేనే విడదీసి, నేనే పలక మీద పెట్టాను. పైన లవంగనూనె చుక్క వేయమంటే వేశాను. మైక్రోస్కోపు కంటి గొట్టం వైపు వంగబోతుంటే ఆవిడ ఆపారు.

“ఉండండి. చూడకముందే చెప్పండి. ఇది మందు అయితే ఏం కనపడాలి?”

“వెంట్రుకలు. వేళ్ళు. ఏదో ఆకు.”

“సరే. ఇది మందు కాదని తేలాలంటే ఏం కనపడాలి?”

 అలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. అది మందు కాకపోవడం అనేదానికి నా బుర్రలో చోటే లేదు.  చివరికి, “రోజూ తినేదేదైనా కనపడితే” అన్నాను, కనపడదన్న ధీమాతో.

వంగి చూశాను. మొదట నా రెప్పవెంట్రుకలే కనిపించాయి. ఆవిడ మర తిప్పడం చూపించారు. తిప్పాను. గోధుమరంగు పీచులు, తాళ్ళలా లావుగా, పక్కపక్కనే అంటుకుని. వాటి మధ్య పల్చటి నల్లటి పొట్టు, గుండ్రంగా మెలికలు తిరిగి. ఆ పొట్టు మీద సన్నటి గళ్ళు కూడా తెలుస్తున్నాయి. నేను మర తిప్పడం ఆపేశాను. ఆవపొట్టు అది. ఆవ నూరి పెట్టే కూరలో తేలే పొట్టు. ఆ పీచు పనసది.

పనసపొట్టు కూర చేసేటప్పుడు అందరూ పైతొక్క కింద ఉండే ముదురు పీచు తీసి పారేస్తారు. నేను పారేయను. సన్నగా కొట్టి అందులోనే కలిపేస్తాను. వండగా మిగిలింది ఎండబెట్టి దాచుతాను. మా వీధిలో ఆ పని చేసేది నేనొక్కతెనే. పద్మ వచ్చిన కొత్తలో “ఇది కూడా వేస్తారాండీ?” అంటే, “మీ పుట్టింట్లో పారేస్తే పారేసుకోండి, ఇక్కడ వేస్తాం” అని కసిరాను. రాంబాబుకి ఆ కూరంటే ప్రాణం. పద్మ వెళ్ళాక, నా చేత్తో, రెండుసార్లు వండి కొసరి కొసరి పెట్టాను. పద్మ పీచు తీసేసి పెట్టినన్నాళ్ళూ వాడు తిన్నదాంట్లో సగమైనా నిలబడింది. కదలని పొట్టలో నేను తాళ్ళు నింపాను.

అయినా నా నోరు ఊరుకోలేదు. “మీరేదో మార్చేసేరు” అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. మొహం వెలిగింది. “అనుమానించాల్సిందే. డబ్బా మూత ఎవరు తీశారు? పలక మీద ఎవరు పెట్టేరు?”

“నేనే.”

“అయినా నాకూ అనుమానమేనండీ. పీచంతా పీచులాగే ఉంటుంది. పక్కన పెట్టి పోల్చడానికి ఇంకోటి కావాలి. ఎండబెట్టిందేమైనా ఉందా?”

కిందికి దిగి, వంటింటి డబ్బాలో దాచిన పనసపొట్టు గుప్పెడు తెచ్చాను. కాసేపు నీళ్ళలో నానబెట్టాం. రెండో పలక మీద పెట్టి చూశాను. ఇది చూసి అది, అది చూసి ఇది. ఎన్నిసార్లు మార్చినా ఒకటే తాడు. ఆవిడ కాగితంముక్కలు అంటించి, ఒకదాని మీద ‘కడుపులోది’, రెండోదాని మీద ‘వంటింట్లోది’ అని రాశారు. ఒక్క మందలింపు మాట లేదు. “రాంబాబుని కాకినాడ తీసుకెళ్ళండి. నేను అనుకున్నదీ తప్పు కావచ్చు. అక్కడ చూస్తేనే తెలుస్తుంది” అన్నారంతే.

ఆవిడ అనుకున్నది తప్పు కాలేదు. కాకినాడ ఆసుపత్రిలో రాత్రి నుంచీ ఏమీ పెట్టకుండా ఉంచి, పొద్దున్న గొట్టం వేసి చూస్తే, ముందు రోజు తిన్నది ఇంకా పొట్టలోనే ఉంది. లాకులో లస్కరు ఉన్నాడు, వాడి కబురు మోసే తీగె షుగరుకి చెడింది. భోజనానికి ముందు ఒక మాత్ర, మెత్తటి తిండి, కొంచెం కొంచెంగా ఆరుసార్లు. పద్మ అప్పటిదాకా చేసిన పనే అక్కడ కాగితం మీద రాసిచ్చారు. రాంబాబు మునుపటి మనిషి కాలేదు గానీ బతికాడు. ఈరోజుకీ చిన్న గిన్నెలోనే తింటాడు. కామేశ్వరిగారు మాత్రం కొన్నేళ్ళకి మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోయారు, అక్కడే పోయారు. వెళ్ళేరోజు ఆ చెక్కపెట్టె నా చేతిలో పెట్టి, “ఎలుకలవి కాలేజీకి ఇచ్చేసేను. ఇవి రెండూ మీవి” అన్నారు.

నేను మారిపోయానని చెప్పను. పాలచుక్క ఇప్పటికీ గోటి మీద వేస్తాను. కాయలు ఇప్పటికీ రెండుసార్లు లెక్కపెడతాను. కానీ ఒక మనిషి మీద నింద వెయ్యబోయేటప్పుడు, కామేశ్వరిగారు చేతులు వెనక్కి కట్టుకుని నా పక్కన నిలబడతారు. ఇది కాదని తేలాలంటే ఏం కనపడాలి వరలక్ష్మిగారూ, అంటారు. జవాబు దొరక్కపోతే నోరు మూసుకుంటాను. ఆ తరవాత నా వంటింట్లోకి వెళ్ళి ఒకసారి చూసుకుని వస్తాను. ఆ పెట్టె పారేయనన్నది అందుకు.

పలకలు చూసిన మర్నాడు పొద్దున్న ఏం జరిగిందంటే, పెద్దలెవరూ రానక్కరలేదని కబురంపి, మొదటి బస్సుకి ముమ్మిడివరం వెళ్ళాను. పద్మ వాళ్ళ నాన్న మా ఇంటికి బయల్దేరడానికి చొక్కా వేసుకుంటున్నారు. వాళ్ళమ్మ నన్ను చూసి, కూర్చోమని కూడా అనకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది. “డబ్బా తెచ్చేరా వదినగారూ?” అంది.

“తెచ్చేను. అది మందు కాదు, పనసపొట్టు. వండింది నేను, పెట్టింది నేను. నా కొడుక్కి షుగరుందని పెళ్ళికి ముందు దాచిందీ నేనే” అన్నాను. అరుగు మీద పొరుగువాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు కూడా వినేలాగే అన్నాను.

 కాసేపటికి పద్మ లోపలినుంచి గ్లాసుతో కాఫీ తెచ్చింది. నా చేతికివ్వలేదు. నా ఎదురుగా నిలబడి, నా కళ్ళలోకి చూస్తూ, సగం తాను తాగింది. మిగిలిన సగం నా ముందు పెట్టింది.

ఎంగిలి గ్లాసు ముట్టుకోవడం మా ఇంట్లో లేదు. నా పిల్లలు తాగింది కూడా నేనెప్పుడూ తాగలేదు. గ్లాసు తీసుకుని అడుగు కనపడేదాకా తాగాను. పంచదార తక్కువైంది. ఆ మాట పైకి అనలేదు.

తొమ్మిదింటి బస్సుకి ఇద్దరం ఎక్కాం.